పంపు ఎక్కడుందో చూశారా?

అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తువాళ్లకి ఎయిర్ లాక్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కుళాయి తిప్పగానే ముందు ఒక దగ్గు, తర్వాత ఒక తుమ్ము, ఆ తర్వాత ఎప్పటికో నీళ్లు. ప్లంబర్ వచ్చి పైపు విప్పి, కింద మోటార్ వేయించి, గాలి పోగొట్టి వెళ్తాడు. మళ్లీ కొన్ని నెలల దాకా ఆ మాటే ఉండదు.

మరి, పోగొట్టిన గాలి రెండు రోజుల్లో మళ్లీ వస్తే? మళ్లీ తీస్తే మళ్లీ వస్తే? పోయిన చలికాలం మా ఇంట్లో జరిగింది అదే. అసలు ఈ గాలి ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్నకి జవాబు దొరకడానికి ఐదు వారాలు, నలుగురు టెక్నీషియన్లు పట్టారు. మా పైపుల్లో తిరిగేవి తాగే నీళ్లు కావు. ఇంటిని వెచ్చగా ఉంచే నీళ్లు. అవి ఆగితే గది ఫ్రిజ్ అయిపోతుంది. బయట మైనస్ 12. లోపల మూడు వారాల పాప.

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ అనే ఊళ్లో. (స్పెల్లింగ్ చూసి 'వార్సెస్టర్' అన్నామంటే కొత్తగా వచ్చామని ఊరంతా కనిపెట్టేస్తుంది.) ఇక్కడ త్రీ డెక్కర్లని చెక్క ఇళ్లుంటాయి. ఒకదాని మీద ఒకటి మూడు ఫ్లాట్లు, ముందూ వెనకా వరండాలు. వందేళ్ల కిందట మిల్లు కార్మికుల కోసం కట్టినవి. ఇప్పుడు వాటిలో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా అద్దెకుంటున్నారు. మా ఇంట్లో మూడు ఫ్లాట్లకీ మూడు బాయిలర్లు, మూడూ సెల్లార్‌లోనే. మాది పై ఫ్లాటు. అంటే మా బాయిలర్‌కీ మా బెడ్‌రూమ్‌కీ మధ్య రెండు కాపురాలు, 25 అడుగుల ఎత్తు.

ఈ పద్ధతిని హైడ్రానిక్ హీటింగ్ అంటారు. బాయిలర్ గ్యాస్ మంట మీద నీళ్లని దాదాపు 82 డిగ్రీల సెల్సియస్ దాకా కాస్తుంది. సర్క్యులేటర్ అనే చిన్న పంపు ఆ నీళ్లని రాగి పైపుల్లో ఇల్లంతా తిప్పుతుంది. గోడల అడుగున పైపుకి సన్నటి అల్యూమినియం రేకులు గుచ్చి ఉంటాయి. వాటి మధ్య గాలి వేడెక్కి గదిలోకి లేస్తుంది. చల్లారిన నీళ్లు తిరిగి బాయిలర్‌కి వెళ్తాయి. ఒకసారి నింపిన నీళ్లే ఏళ్ల తరబడి అలా తిరుగుతూ ఉంటాయి.

అంత చిన్న పంపు 25 అడుగులు ఎలా ఎక్కిస్తుందని మీకు అనుమానం రావచ్చు. అది బోరు మోటార్‌లా నీళ్లని ఎత్తదు. జెయింట్ వీల్ గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు జనం కిందికి దిగుతుంటే ఆ బరువే రెండోవైపు వాళ్లని పైకి లేపుతుంది. మోటార్ చేసేది చక్రాన్ని తిప్పడమే. ఇక్కడా అంతే. పంపు పైపుల రాపిడిని గెలిస్తే చాలు.

ఇంకొక సామాను ఉంది, దానిపేరు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. ఈ కథంతా దాని చుట్టూనే. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, మామూలు చల్లదనం నుంచి 82 డిగ్రీలకి వచ్చేసరికి సుమారు 3 శాతం. మూసేసిన పైపుల్లో ఆ కాస్త ఎక్కువ నీటికి చోటు లేకపోతే ప్రెషర్ పెరిగి, సేఫ్టీ వాల్వు తెరుచుకుని సెల్లార్ అంతా తడుస్తుంది. అందుకని గ్యాస్ బండకంటే చిన్నదైన ఒక డబ్బాని పైపుకి తగిలిస్తారు. లోపల రబ్బరు పొర. పొరకి ఒకవైపు నీళ్లు, రెండోవైపు గాలి. నీళ్లు ఉబ్బితే గాలి నొక్కుకుపోతుంది, చల్లారితే తిరిగి తోస్తుంది. పైకి కనిపించే పని ఇంతే. కనిపించని పని ఇంకొకటి చేస్తుంది. అక్కడికి వస్తా.

పోయిన వేసవిలో మా ఫ్లాటు పంపు కాలిపోతే ఓనరమ్మ కొత్తది పెట్టించింది. డెబ్బై దాటిన మనిషి, కింది ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. 'మీరు పైన ఉన్నారని పాతదానికంటే పెద్ద పంపే పెట్టించాను' అని సంతోషంగా చెప్పింది. డిసెంబరులో చలి ముదిరేదాకా అంతా బాగానే ఉంది. తర్వాత వెనక బెడ్‌రూమ్ వేడెక్కడం మానేసింది. హాల్లో 20 డిగ్రీలుంటే ఆ గదిలో 14. గోడ లోపల ఎవరో గులకరాళ్లు దొర్లిస్తున్నట్టు చప్పుడు. డెలివరీకని హనుమకొండ నుంచి వచ్చిన అత్తమ్మ ఆ గదిలోనే ఉండాలి. పుట్టాక పాపని పడుకోబెట్టాల్సిందీ అక్కడే.

మొదటి టెక్నీషియన్ గాలి తీశాడు. రెండు రోజులు వెచ్చగా ఉంది, మూడో రోజు మళ్లీ గులకరాళ్లు. మళ్లీ వచ్చాడు, మళ్లీ తీశాడు. రెండో అతను కొంచెం తెలివిగా, మాటిమాటికీ తీయడమెందుకని మా బెడ్‌రూమ్ చివర, పైపులో అన్నిటికంటే ఎత్తైన చోట, గాలి దానంతటదే పోయే ఆటోమేటిక్ వెంట్ బిగించాడు. దాంతో సమస్య తీరకపోగా ఎక్కువైంది. మూడో అతను బాయిలర్ చుట్టూ తిరిగి, గేజ్ చూసి, '12 ఉంది, ప్రెషర్ బాగానే ఉంది. బాయిలరే ముసలిదైంది, మార్చాలి, 9,000 డాలర్లు' అన్నాడు.

ఈ రాష్ట్రంలో శానిటరీ కోడ్ ప్రకారం చలికాలంలో ఇంటి ఓనరు పగలు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి 64 ఉండేలా చూడాలి. మన లెక్కలో 20, 18. సిటీ ఆఫీసుకి ఫిర్యాదు చేయమని ఫ్రెండ్సందరూ సలహా ఇచ్చారు. చేయొచ్చు. కానీ ఓనరమ్మ మమ్మల్ని ఎగ్గొట్టడం లేదు. పిలిచిన ప్రతిసారీ మనిషిని పంపిస్తోంది, డబ్బు కడుతోంది. పెన్షన్ మీద బతికే మనిషి 9,000 అప్పు చేయడానికి బ్యాంకుకి వెళ్లొచ్చింది కూడా. అప్పటిదాకా వాడుకోమని రెండు ఎలక్ట్రిక్ హీటర్లు ఇచ్చింది. వందేళ్ల చెక్క ఇల్లు, పాత వైరింగు, రాత్రంతా ఎర్రగా కాలే హీటరు, పక్కనే చంటిపిల్ల. రెండూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోయేది. చివరికి నలుగురం హాల్లోకే మకాం మార్చాం. హీటర్లు ఆన్‌లో ఉన్నంతసేపూ నేనో మా ఆవిడో మేలుకుని ఉండేవాళ్లం.

కేసు మలుపు తిప్పింది అత్తమ్మ. ఒక మధ్యాహ్నం పాప బట్టలు ఆరేయడానికి వెనక గదిలోకి వెళ్లి, అక్కడినుంచే పిలిచింది.

"ఇటు రాండ్రి బాబూ. కింద మోటరు సురువైనప్పుడల్ల గీ డబ్బ గుటకలు మింగుతున్నది, ఇనుండ్రి."

చెవి పెట్టి విన్నా. నిజమే. రెండో టెక్నీషియన్ పెట్టిన వెంట్ గాలి వదలడం లేదు, మింగుతోంది. పాప స్నానానికి వాడే సబ్బు నీళ్లు రెండు చుక్కలు దాని మూతి మీద వేశాను. థర్మోస్టాట్ పెంచాను. కింద పంపు మొదలైంది. బయటికి బుడగ కట్టాల్సిన సబ్బు పొర సుయ్‌మని లోపలికి పోయింది. పంపు ఆగితే ఆగింది. మళ్లీ వేస్తే మళ్లీ లాగింది.

నీళ్లతో నిండి, ప్రెషర్‌లో ఉన్నదనుకునే పైపు బయటి గాలిని స్ట్రా వేసుకుని తాగుతోంది. అంటే ఆ చోట ప్రెషర్ బయటి గాలికంటే తక్కువ. కింద గేజ్‌లో చూస్తే మాత్రం పంపు నడిచినా ఆగినా 12 పీఎస్ఐ. ముల్లు కదలదు. రెండూ ఎలా నిజమవుతాయి?

ఆ రాత్రి పాపని భుజాన వేసుకుని తిరుగుతూ లెక్క మొదలుపెట్టాను. ఒక పీఎస్ఐ ప్రెషర్ నీటిని 2.31 అడుగులు నిలబెట్టగలదు. మా పైపు 25 అడుగులు ఎక్కాలి. అందుకే 10.8 ఖర్చైపోతుంది. 12లోంచి అది తీసేస్తే మా బెడ్‌రూమ్‌కి మిగిలేది 1.2. కొంచెమే, అయినా ప్లస్‌లోనే ఉంది. పంపు ఆగి ఉన్నప్పుడు ఇంతే. పంపు తిరిగితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న.

నేను చదివింది ట్రిపుల్ ఈ, ఉద్యోగం జావాలో. నాలుగేళ్లలో నేర్చుకున్న సర్క్యూట్ ఒక్కసారి కూడా అక్కరకి రాలేదని కాలేజీ గ్రూపులో జోకులేసుకునేవాళ్లం. ఆ రాత్రి వచ్చింది. 9 వోల్టుల బ్యాటరీ ఉంది. దాని మైనస్ కొసని ఎర్త్ చేస్తే రెండో కొస ప్లస్ 9. ప్లస్ కొసని ఎర్త్ చేస్తే రెండో కొస మైనస్ 9. బ్యాటరీ అదే, బలం అదే. అది ఇచ్చేది తేడా మాత్రమే. ఆ తేడా సున్నాకి పైన కనిపిస్తుందా కింద కనిపిస్తుందా అన్నది ఎర్త్ ఎక్కడ కొట్టామన్నదాన్ని బట్టి. పంపు కూడా అంతే. ముందువైపు తోస్తుంది, వెనకవైపు లాగుతుంది. రెంటికీ మధ్య తేడా తప్ప దాని చేతిలో ఇంకేం లేదు.

మరి పైపుల్లో ఎర్త్ ఏది? ఎక్స్‌పాన్షన్ ట్యాంకు.

ఎందుకంటే, ట్యాంకులో ప్రెషర్ మారాలంటే లోపలి గాలి నొక్కుకోవాలి లేదా సాగాలి. అలా జరగాలంటే ట్యాంకులోకి నీళ్లు రావాలి లేదా పోవాలి. మిగతా పైపులన్నీ నిండుగా ఉన్నాయి. నీళ్లు నొక్కితే తగ్గేవి కావు. పంపు కొత్తగా నీళ్లు పుట్టించదు, ఉన్నవాటిని మాయం చేయదు. ట్యాంకులోకి ఒక గ్లాసు నీళ్లు తోయాలంటే ఎక్కడో ఒక గ్లాసు ఖాళీ ఏర్పడాలి, అది కుదరదు. కాబట్టి పంపు ఎంత గింజుకున్నా ట్యాంకు తగిలించిన చోట ప్రెషర్ మారదు. గత శతాబ్దంలో బెల్ అండ్ గాసెట్ కంపెనీ ఇంజినీర్ గిల్ కార్ల్‌సన్ దీన్ని 'ప్రెషర్ మారని బిందువు' అన్నాడు. తర్వాత డాన్ హోలోహన్ ఈ విషయాన్ని ప్లంబర్లకి సరదాగా బోధిస్తూ ఒక పుస్తకమే రాశాడు. పేరు 'పంపింగ్ అవే'. పంపు ట్యాంకుకి ఎదురుగా తోయకూడదు, ట్యాంకు దగ్గర మొదలై అవతలికి తోయాలి అని ఆ పేరులోనే ఉంది.

తెల్లారాక టార్చి వేసుకుని సెల్లార్‌లోకి వెళ్లాను. మా పంపు, చల్లారిన నీళ్లు తిరిగివచ్చే రిటర్న్ పైపు మీద ఉంది. దాని ఒంటి మీద ఉన్న బాణం బాయిలర్ వైపు చూస్తోంది. బాయిలర్ దాటగానే, వేడి నీళ్లు బయల్దేరే సప్లై పైపు మీద ట్యాంకు. అంటే పంపు సరిగ్గా ట్యాంకు మొహం మీదికే తోస్తోంది.

ఇక లెక్క పూర్తిచేయడం తేలికే. కొత్త పంపు ఇచ్చే తేడా సుమారు 6 పీఎస్ఐ. తోసేవైపు ట్యాంకు 12ని కదలనివ్వదు, బాయిలర్ లోపల రాపిడి పెద్దగా ఉండదు. కాబట్టి ఆ 6 మొత్తం లాగేవైపు మైనస్‌గా పడాలి. మా బెడ్‌రూమ్ దారికి సుమారుగా సగంలో ఉంది, దాని వాటా మైనస్ 3. ఉన్నది 1.2. మిగిలింది మైనస్ 1.8. వెంట్ గుటకలు వేయక ఏం చేస్తుంది! పైగా ప్రెషర్ పడిపోతే నీళ్లలో కరిగి ఉన్న గాలి కూడా బయటికొస్తుంది. గోలీ సోడా గోలీ లోపలికి కొట్టగానే బుస్సుమని పొంగుతుంది చూడండి, అదే సంగతి.

పాత పంపు ఇచ్చేది 2 మాత్రమే. దాని సగం 1. 1.2లోంచి 1 పోతే 0.2. మాకు ముందు ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదని ఓనరమ్మ అన్న మాట అక్షరాలా నిజం. వాళ్లు ఆ 0.2 మీద ఏళ్లకేళ్లు బతికేశారు. మా మీద ప్రేమతో పెట్టించిన పెద్ద పంపే మా గదిని చల్లార్చింది.

గేజ్ సంగతి కూడా తేలిపోయింది. అది ఉన్నది బాయిలర్ మీద, ట్యాంకు పక్కనే. ఇల్లు మొత్తంలో ప్రెషర్ మారడానికి వీల్లేని ఏకైక చోటికి మీటర్ పెట్టి, ముగ్గురు టెక్నీషియన్లూ 'బాగానే ఉంది' అన్నారు. ఆఫీసులో ఇలాంటివి నెలకొకటి చూస్తాం. డ్యాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంటుంది, యూజర్లు మాత్రం తిడుతూ ఉంటారు.

అసలు పంపుని రిటర్న్ మీద ఎవరు పెట్టమన్నారు? దానికీ కారణం ఉంది. పాతకాలం పంపుల సీళ్లు బాగా వేడి నీళ్లకి తట్టుకునేవి కావు. తిరిగివచ్చే నీళ్లు కాస్త చల్లగా ఉంటాయి కనుక అక్కడ పెట్టేవాళ్లు. తర్వాత కంపెనీలు బాయిలర్‌కి పంపు బిగించే అమ్మడం మొదలుపెట్టాయి. రిటర్న్ వైపు బిగిస్తే పెట్టెలో ఇమిడిపోతుంది. ఇప్పటి పంపులు నీళ్లు మరిగే వేడిని కూడా తట్టుకుంటాయి. కారణం పోయింది, అలవాటు మిగిలింది. మొదటి టెక్నీషియన్‌కి ఫోన్ చేసి నా లెక్క చెబితే, '30 ఏళ్లుగా ఇలాగే పెడుతున్నా, ఎవరూ ఏమీ అనలేదు' అన్నాడు. అబద్ధమేం కాదు. ఒక అంతస్తు ఇంట్లో, చిన్న పంపుతో, ఎలా పెట్టినా నడిచిపోతుంది.

బాయిలర్ పైపు మీద నేనే చెయ్యి వేయదలచుకోలేదు. ఒక తెల్ల కాగితం మీద బొమ్మ గీసి, పక్కన అంకెలు వేసి, ఓనరమ్మ వంటింటి బల్ల మీద పెట్టాను. ఆమెకి పీఎస్ఐలు పట్టలేదు కానీ ఒక మాట పట్టింది. కొత్త బాయిలర్ కొన్నా పంపు అక్కడే ఉంటే గది చల్లగానే ఉంటుంది, పైగా పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌తో కొత్త ఇనుము కూడా తుప్పు పడుతుంది. కళ్లద్దాలు తీసి, 'అయితే నా 9,000?' అంది. బ్యాంకు పని ఆపమన్నాను.

నాలుగో అతను అరవై దాటిన ప్లంబర్. బొమ్మ చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ట్యాంకు ఇవతల పంపు, తెలుసు" అని పైపు కోయడం మొదలుపెట్టాడు. పంపుని సప్లై పైపు మీదికి, ట్యాంకు దాటిన వెంటనే ఉండేలా మార్చాడు. బాణం ఇప్పుడు ఇంటి వైపు. పై ఫ్లాటుకి 12 మరీ బొటాబొటీ అని నీళ్లు 15కి నింపాడు. అంతకు ముందే ట్యాంకుని విడదీసి, నీళ్లు ఒంపేసి, సైకిల్ పంపుతో దాని గాలిని కూడా 15కి కొట్టాడు. నీళ్లున్నప్పుడు కొడితే ఆ రీడింగుకి అర్థం ఉండదట. నాలుగు గంటల పని, 850 డాలర్లు.

ఇప్పుడు పంపు తిరిగితే లాగేవైపు 15 అలాగే ఉంటుంది, తోసేవైపు 21 అవుతుంది. మా బెడ్‌రూమ్‌లో పంపు ఆగి ఉంటే 4.2, తిరుగుతుంటే 7.2. తేడా అదే 6. ఇదివరకు ఇంటిలోంచి లాగేది, ఇప్పుడు ఇంటికి ఇస్తోంది. వెంట్ రెండు రోజులు పాములా బుసకొట్టి పాత గాలంతా వదిలేసింది. మూడో రోజు గులకరాళ్ల కోసం చెవి పెట్టి కూర్చున్నాం. రాలేదు. పాపని వెనక గదిలోకి మార్చాం. హీటర్లు రెండూ కింద ఇచ్చేశాను. అత్తమ్మ వెంట్ దగ్గర వంగి విని, 'సల్లవడ్డది' అంది. నేను కంగారుపడి ముట్టుకుని చూశాను. పైపు చెయ్యి కాలేంత వేడిగా ఉంది. ఆవిడ అన్నది చప్పుడు గురించి.

వారం తర్వాత ఓనరమ్మ ఫోన్ చేసి, మిగతా రెండు బాయిలర్ల పంపులు కూడా రిటర్న్ మీదే ఉన్నాయట, వాటినీ మార్పించాలా అని అడిగింది. కిందికి వెళ్లి చూశాను. రెండూ పాత చిన్న పంపులే. నడిమి ఫ్లాటు ఎత్తు 15 అడుగులే కాబట్టి అక్కడ 5కి పైనే మిగులుతుంది, పంపు ఒకటి తినేసినా ఇబ్బంది లేదు. ఇప్పుడు ముట్టుకోవద్దని చెప్పాను. ఆ పంపులు కాలిపోయిన రోజు మాత్రం, కొత్తవి బిగించేముందు నాకు ఫోన్ చేయమన్నాను. ఆ పాత బొమ్మ మడతపెట్టి సెల్లార్ మెట్ల దగ్గర మేకుకి గుచ్చిపెట్టింది.